కొండడు ఎవరి కుక్క?

లక్ష్మీనరసమ్మ గుట్టను గుట్ట అంటుంది. కొండను కూడా గుట్టే అంటుంది. కొండముచ్చు ఆమె నోట్లో పెద్దకోతి అయిపోతుంది. కొండపిండి ఆకు కావాల్సి వస్తే "ఆ రాళ్ళు కరిగించే ఆకు" అని చెప్పి తెచ్చుకుంటుంది. మాలకొండ నరసింహస్వామికి దండం పెట్టుకునేటప్పుడు కూడా "గుట్టమీది సామీ" అనే తప్ప ఇంకో పిలుపు లేదు. ఆమెకు కొండల మీద కోపమేమీ లేదు. మొగుడి పేరు మాలకొండయ్య, అదీ సంగతి. మొగుడి పేరు పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని పెళ్ళినాడు వాళ్ళమ్మ చెప్పింది. ఆ మొగుడు కన్నుమూసి ఏళ్ళు గడిచాయి, ఇక తగ్గడానికి ఆయుష్షే లేదు. అయినా ఆ పేరు గానీ, అందులో ముక్క గానీ ఆమె పెదవి దాటలేదు.

మరి ఆఫీసుల్లో ఎట్లా అంటారేమో. రేషన్ కార్డు దగ్గరా, బ్యాంకులో, ఆసుపత్రి చీటీ రాయించుకునే కిటికీ దగ్గరా "భర్త పేరు?" అని అడుగుతారు గదా. ఆమె నోరు తెరవదు. తల కొంచెం పక్కకు తిప్పుతుంది, అంతే. పక్కనున్న మనిషి, ముఖం తెలిసినా తెలియకపోయినా, విషయం పట్టేస్తాడు. తెలిసినవాడైతే పేరు అందిస్తాడు. తెలియనివాడైతే వెనక్కి తిరిగి "ఈ పెద్దామె ఇంటాయన పేరేందబ్బా?" అని కేకేస్తాడు. వరసలో ఎవరో ఒకరు "మాలకొండయ్య" అంటారు. మార్కాపురం చుట్టుపట్ల పాతకాలపు ఆడవాళ్ళ సంగతి తెలిసినవాళ్ళకు ఇది తుమ్మినవాడికి "చిరంజీవ" అన్నంత మామూలు.

కోడలు సింధుకు మాత్రం మొదట్లో ఇది ఒళ్ళు మండే వ్యవహారం. కనిగిరి పిల్ల, డిగ్రీ చదివింది. కాపురానికి వచ్చిన మొదటి వారమే అత్త ఎదురుగా "కిరణ్, నా ఫోను ఎక్కడ పెట్టినావు?" అని మొగుడిని కేకేసింది. అత్త కళ్ళు పెద్దవి చేసి చూసి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "పిలుచుకో తల్లీ, నీ మొగుడు గట్టోడు, ఏం కాదులే" అంది. అంతటితో ఆ పంచాయితీ తీరిపోయింది. తాను పాటించేదాన్ని ఇంకొకరి నెత్తిన రుద్దని మనిషిని సింధు అంతకు ముందు చూడలేదు. వాళ్ళమ్మ అయితే రుద్ది రుద్ది తోలు ఊడదీసేది.

లక్ష్మీనరసమ్మ పుట్టింది గిద్దలూరు పక్క పల్లెలో, వాన పడితే పంట, లేకపోతే తంటా అనే చోట. మార్కాపురంలో పలకల పని చేసే మాలకొండయ్యకు ఇచ్చి చేశారు. ఊళ్ళో ఏ ఇంట్లో చూసినా పలక దుమ్మే ఉండే రోజులవి. దేశంలో పిల్లలంతా ఆ రాతి మీద అ ఆలు దిద్దుకుంటే, ఆ రాయి కోసినవాళ్ళు దుమ్ము మింగారు. ప్లాస్టిక్ పలకలు వచ్చి పని పోయింది. దుమ్ము మాత్రం మాలకొండయ్య ఊపిరితిత్తుల్లోంచి పోలేదు. ఆయన మంచం పట్టిన ఏడే ఆమె కంభం పోయే రోడ్డు మీద, కాశీవిశ్వనాథం శెట్టి సిమెంటు దుకాణం పక్కన ఖాళీ జాగాలో పొయ్యి పెట్టింది. సాయంత్రం పూట జొన్నరొట్టెలు. ఆ రొట్టెలతోనే మొగుడికి మందులు తెచ్చింది, కొడుకును చదివించింది. చదువు వాడికి అబ్బలేదనుకోండి, లారీ అబ్బింది. అది వేరే కథ.

రొట్టె తట్టడం చూస్తే గానీ లక్ష్మీనరసమ్మ ఎవరో తెలియదు. ఎడమచెయ్యి పీట మీద పిండిని తిప్పుతూ ఉంటే కుడిచెయ్యి దాని మీద వాన పడినట్టు పడుతుంది. చపాతీ కర్ర లేదు, అచ్చు లేదు. అరచేతి అంచు, బొటనవేలి మొదలు, అంతే సరంజామా. చూస్తుండగానే పిండిముద్ద పున్నమి చంద్రుడై పెనం మీదికి ఎక్కుతుంది. ఒకసారి సింధు తానూ తడతానని కూర్చుంది. వచ్చిన ఆకారాన్ని చూసి అత్త గంభీరంగా, "ఇది ప్రకాశం జిల్లానా అమ్మాయ్, లేక మన పాత కర్నూలు జిల్లానా?" అని అడిగింది. అప్పటి నుంచి సింధు కూరలు మాత్రమే చేస్తోంది.

ఎంత చెయ్యి తిరిగిన మనిషికైనా రోజుకో రొట్టె అంచు చీలుతుంది. చీలిన రొట్టె లక్ష్మీనరసమ్మ అమ్మదు. అది కొండడిది.

కొండడు ఒక కుక్క. గోధుమరంగు, ఒక చెవి నిలబడి ఉంటుంది, రెండోది వాలి ఉంటుంది. కాశీవిశ్వనాథం ఒక శనివారం మాలకొండ పోయి వస్తూ, మెట్ల దగ్గర చలికి వణుకుతున్న కుక్కపిల్లను గోనెసంచిలో వేసుకుని తెచ్చాడు. కొండమీద దొరికింది కాబట్టి కొండడన్నాడు. రాత్రిళ్ళు అది సిమెంటు బస్తాల గోడౌనుకు కాపలా. పగలు గొలుసు విప్పితే వీధంతా దాని రాజ్యం. సాయంత్రానికి లక్ష్మీనరసమ్మ పొయ్యి ముందు కూర్చుని చీలిన రొట్టె కోసం చూస్తుంది. ఆమె దాన్ని ఎప్పుడూ పేరు పెట్టి పిలిచింది లేదు. పిలవలేదు గదా! "ఇదో, నిన్నే" అంటుంది. దానికీ అర్థమవుతుంది.

ఆ కుక్కే ఆమెను కరిచింది. ఎక్కడో అయితే ఏమో గానీ, కుడిచేతిని.

సింధు వచ్చేసరికి పొయ్యి దగ్గర జనం మూగి ఉన్నారు. అత్త నేల మీద కూర్చుని ఒక చేత్తో ఇంకో చేతిని పట్టుకుని ఉంది. రక్తం మోచేతి దాకా కారింది. ఒకరు కారం అద్దమంటున్నారు, ఒకరు సున్నం పెట్టమంటున్నారు, ఇంకో పెద్దాయన బావుల్లోకి తొంగి చూపించాలంటున్నాడు. మార్కాపురంలో ఇప్పుడు బావులెక్కడున్నాయో ఆయనకే తెలియాలి. సింధు ఎవరి మాటా వినలేదు. అత్తను లేపి కుళాయి కిందికి తీసుకుపోయి, సబ్బు పెట్టి, ఆమె పళ్ళు బిగించి ఓర్చుకుంటుంటే చాలాసేపు కడిగింది.

అంతలో వీధి కుర్రాళ్ళు కర్రలు తీసుకుని బయల్దేరారు. కుక్కకాటుకు చెప్పుదెబ్బ అని సామెత ఉందిగా, వాళ్ళకు చెప్పుతో సరిపోలేదు. కొండడు గోడౌను గోడకు ఆనుకుని తోక కాళ్ళ మధ్య పెట్టుకుని నిలబడింది. అప్పుడు లక్ష్మీనరసమ్మ, తడిచెయ్యి నుంచి నెత్తురు ఇంకా చుక్కలు పడుతుండగానే, పోయి ఆ కర్రలకూ కుక్కకూ నడుమ నిలబడింది.

"దాన్ని చంపితే దానికి పిచ్చి ఉండాదో లేదో నాకెట్ల తెలుస్తది నాయనా? బతికి ఉంటేనే గదా డాక్టరు చెప్పగలిగేది. పోండి, పోయి అన్నాలు తినండి" అంది.

కుర్రాళ్ళు పోయారు. అంత నొప్పిలో అంత తెలివి ఎట్లా వచ్చిందో సింధుకు అంతుపట్టలేదు. తెలివా, జాలా అన్నది కూడా అంతుపట్టలేదు.

ఆసుపత్రిలో సూదులు వేశారు, గాయం చుట్టూ కూడా వేశారు. మిగతా సూదులకు తేదీలు చెప్పారు. కుక్కను పది రోజులు కనిపెట్టి చూడమన్నారు. కొండడికి ఏ జబ్బూ లేదు, ఆ పది రోజులూ నిక్షేపంగా తిని పడుకుంది. జబ్బు లక్ష్మీనరసమ్మ చేతికి మిగిలింది. బొటనవేలిని కదిలించే నరం తెగిందన్నాడు డాక్టరు. ఒంగోలులో ఆపరేషను చేయించాలి, ఆ తర్వాత నెలల తరబడి వేలికి కసరత్తు చేయించాలి. ఆలస్యమైతే వేలు అట్లనే బిగుసుకుపోతుంది, ఇక రొట్టె మాట మరిచిపోవచ్చు. కిరణ్ లారీ మీద తెచ్చేదాంతో ఇల్లు గడుస్తుంది గానీ, ఆ వైద్యం గడవదు.

సింధు కాశీవిశ్వనాథం దగ్గరికి పోయింది. కరిచిన మర్నాడు పొద్దున్నే కొండడి మెడకుండే తోలు పటకా మాయమైపోయింది. బొచ్చు అరిగిన చోట తెల్లటి గీత మాత్రం మిగిలి ఉంది.

"వీధికుక్కమ్మా అది. మున్సిపాలిటీ వాళ్ళను అడగాల. మాకేం సంబంధం?" అన్నాడాయన.

ఆయన చెడ్డమనిషి కాడు. పొయ్యికి జాగా ఇచ్చినవాడు, మాలకొండయ్య పోయిన రోజు పాడె పట్టినవాడు. కానీ "కోర్టు" అనే మాట ఎవరో ఆయన చెవిలో వేశారు. ఆ మాట చెవిన పడితే మంచివాడికి కూడా జ్ఞాపకశక్తి తగ్గుతుంది. వీధిలోవాళ్ళకూ తగ్గింది. రేపు ఇంటికి బస్తా సిమెంటు కావాలంటే ఆయన దగ్గరికే గదా పోవాలి!

కోర్టు ఆవరణలో ఉచిత న్యాయసహాయం ఇస్తారని విని, సింధు అత్తను తీసుకుని అక్కడికి పోయింది. స్వర్ణలత అనే లాయరు కూర్చోబెట్టి మాట్లాడింది. ఆమెది కొమరోలు, మాటలో గుంటూరు బడాయి లేదు.

"పెద్దమ్మా, దారులు నాలుగు ఉండాయి" అని మొదలుపెట్టింది. "కుక్కను అదుపులో పెట్టుకోలేదని యజమాని మీద పోలీసు కేసు పెట్టొచ్చు. శిక్ష పడొచ్చు, జరిమానా పడొచ్చు. కానీ జరిమానా సర్కారుకు పోతాది, నీ చేతికి కట్టు కట్టదు. రెండోది సివిల్ దావా. వైద్యం ఖర్చు, పోయిన పని, పడిన నొప్పి, అన్నిటికీ పరిహారం అడగొచ్చు. ఆడవాళ్ళకు లాయరు ఉచితమే. కాకపోతే టైము పడతాది. మూడోది, అది నిజంగా వీధికుక్కే అయితే మున్సిపాలిటీకి నోటీసు ఇచ్చి పరిహారం అడగాల. ఒక్కోసారి హైకోర్టు దాకా పోవాల్సి వస్తాది."

"నాలుగోది ఏంది మేడమ్?" అంది సింధు.

"లోక్ అదాలత్. జడ్జి ముందర కూర్చుని రాజీ పడేది. ఫీజు లేదు. అక్కడ రాసిన మాట కోర్టు డిక్రీతో సమానం, మళ్ళా అప్పీలు ఉండదు. తొందరగా తెగేది అదొక్కటే. కానీ ఇద్దరూ ఒప్పుకోవాల. ఏ దారిన పోయినా ముందు ఒకటే ప్రశ్న. ఆ కుక్క ఎవరిది?"

లక్ష్మీనరసమ్మ అంతా విని, "వేలు బిగుసుకుపోకముందే తెగేది ఏదో అది చెయ్యి తల్లీ. ఆయన్ని జైల్లో వేసేది మాత్రం వద్దు" అంది. అట్లా లోక్ అదాలత్ ఖాయమైంది. నోటీసు అందుకున్న శెట్టి కూడా లాయరును వెంటబెట్టుకుని వస్తానన్నాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. కుక్క ఎట్లా కరిచిందో చూసినవాళ్ళు ఎవరూ లేరు. ఆసుపత్రి మంచం మీద లక్ష్మీనరసమ్మ సింధుకు ఒక్కదానికే చెప్పింది. ఆ సాయంత్రం ఎవరింట్లోనో శుభకార్యానికి రొట్టెలు చెప్పారు. ఆ రోజు ఒక్క రొట్టె కూడా చీలలేదు. కొండడు కూర్చుని కూర్చుని, ఆఖరికి తట్టలో మూతి పెట్టి ఒకటి లాక్కుంది. లెక్కకు తగ్గుతుందని ఈమె దాని నోట్లోంచి రొట్టెను గుంజింది. అప్పుడు కరిచింది.

"అత్తా, ఈ మాట ఇక్కడితో మరిచిపో" అంది సింధు. "కుక్క నోటికాడ కూడు గుంజినావంటే తప్పు నీ మీదికి తోస్తారు. కరిచింది, అంతే. అడిగిందానికి మాత్రం జవాబు చెప్పు." పరీక్షకు పోయే పిల్లకు చెప్పినట్టు రోజూ పొద్దున చెప్పింది. అత్త "ఊ" అంది. ఆ "ఊ" ఎటువైపు ఊగుతుందో సింధుకు తెలియలేదు.

ఆ రోజు కోర్టు హాలు కిటకిటలాడింది. పొలం గట్ల తగాదాలు, మోటారు సైకిలు గుద్దుళ్ళు, విడిపోయి కలవబోతున్న జంటలు. వీళ్ళ వంతు వచ్చేసరికి లక్ష్మీనరసమ్మ పోయి జడ్జిగారి బల్ల ముందు నిలబడింది. జడ్జి కూడా ఆడమనిషే, కళ్ళజోడు మీదుగా చూస్తూ కూర్చోమంది. ఈమె కూర్చోలేదు. పక్కనే కాశీవిశ్వనాథం, ఆయన లాయరు కరుణాకరం. వెనక సింధు, స్వర్ణలత.

"ఈ కుక్క మీదేనా?" అని జడ్జి అడిగింది.

"కాదు మేడమ్" అన్నాడు కాశీవిశ్వనాథం. "వీధికుక్క. ఎప్పుడన్నా కనపడతాది. అంతకు మించి నాకేం తెలియదు."

స్వర్ణలత మెడ మీద గీత కనపడేట్టు తీసిన ఫోటో చూపించింది. పటకా ఎవరైనా కట్టి ఉండొచ్చన్నాడు కరుణాకరం. జడ్జి లక్ష్మీనరసమ్మ వైపు తిరిగింది.

"అమ్మా, ఈ కుక్కను మీకు ముందు నుంచి తెలుసా?"

"తెలుసమ్మా. రోజూ వస్తాది."

"దాని పేరేంటి?"

సింధు నాలుక కరుచుకుంది. ఇన్ని నేర్పింది, ఇంత చదువు చదివింది, ఈ ఒక్కటి తట్టలేదు. అత్త నోరు తెరవదు. తెరవలేదు కూడా. జడ్జి మళ్ళీ అడిగింది.

"చూశారా మేడమ్, కనీసం పేరు కూడా తెలియదు" అని కరుణాకరం అందుకోబోయాడు.

లక్ష్మీనరసమ్మ తల కొంచెం పక్కకు తిప్పింది. రేషన్ ఆఫీసులో తిప్పినట్టే, బ్యాంకులో తిప్పినట్టే. ఆ పక్కన నిలబడి ఉన్నది కాశీవిశ్వనాథం. ఆయన పెద్ద ఆడవాళ్ళ నడుమ పెరిగిన మనిషి. తల్లికి, మేనత్తలకు, దుకాణానికి వచ్చే ముసలమ్మలకు జీవితమంతా పేర్లు అందించినవాడు.

"కొండడు మేడమ్" అన్నాడు.

అన్నాక తెలిసింది ఆయనకు తానేమన్నాడో. ముందు వరసలో ఒక ముసలాయన పకాలున నవ్వాడు. ఆ నవ్వు హాలంతా పాకింది. కరుణాకరం నుదురు పట్టుకున్నాడు. జడ్జి చెయ్యెత్తితే గానీ సద్దుమణగలేదు.

కానీ నల్లకోటు నల్లకోటే. కరుణాకరం క్షణంలో తేరుకున్నాడు. "మేడమ్, వీధిలో అందరూ పిలిచే పేరది. పేరు తెలిసినవాడల్లా యజమాని అయితే, ఊళ్ళో ప్రతి కుక్కకూ వందమంది యజమానులు తేలతారు."

"అదీ నిజమే" అంది జడ్జి. సింధు ప్రాణం ఉసూరుమంది. "సరే, ఎట్లా కరిచిందో చెప్పండమ్మా."

"కరిచింది, అంతే" అని సింధు మనసులో అత్తకు అందించింది. మనసులో అందిస్తే వినపడుతుందా?

లక్ష్మీనరసమ్మ మొత్తం చెప్పింది. శుభకార్యం రొట్టెలు, చీలని అంచులు, కుక్క ఎదురుచూపు, తట్టలో మూతి, తాను గుంజడం. ఒక్కటి దాచలేదు. చెబుతూ చెబుతూ కట్టు కట్టిన చేతితోనే ఎట్లా గుంజిందో చూపించింది కూడా. కరుణాకరం రాసుకోవడం మానేసి నోరు తెరిచి చూశాడు. ఎదుటి పార్టీ తన పని తానే చేసి పెడుతుంటే ఏ లాయరైనా ఏం రాసుకుంటాడు!

"అమ్మా, ఇది చెబితే మీకే నష్టం. తెలుసా?" అంది జడ్జి.

"తెలుసమ్మా. మా కోడలు చెప్పొద్దనే అనింది. దానికి నా మీద ఉండే ప్రేమ అట్లాంటిది" అంది లక్ష్మీనరసమ్మ. "నా పక్కన లాయరమ్మ ఉండాది. అన్న పక్కన ఈ లాయరుసారు ఉండాడు. ఆ నోరులేని దాని పక్కన ఎవురుండారు తల్లీ? దాన్ని తెచ్చినాయనే తెలియదంటాండాడు. ఇంక నేను కూడా 'ఊరికే కరిచింది' అంటే, అది పిచ్చిదని, దుష్టదని ఈ కాయితాల్లో ఉండిపోతాది. అది ఊరికే కరవలేదమ్మా. ఆకలికి కరిచింది. దాని కూడు గుంజింది నేనే."

సింధుకు మొదట వచ్చింది కోపం. చెయ్యి పోయింది, కేసూ పోయింది. అంతలోనే అత్త ముఖంలోకి చూసింది. తన వేలు బిగుసుకుపోతోందని తెలిసి, తనను కరిచిన కుక్క తరఫున సాక్ష్యం చెప్పిన మనిషి ఆ కోర్టులో అంతకు ముందు నిలబడి ఉంటుందా? ఇన్నాళ్ళూ ఒకే కప్పు కింద ఉంటున్న ఈ మనిషిని తాను ఇప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు అనిపించింది. చేతులు జోడించాలనిపించింది. కోర్టులో అట్లా చేస్తే బాగుండదని ఊరుకుంది.

జడ్జి కళ్ళజోడు తీసి తుడుచుకుని కాశీవిశ్వనాథాన్ని చూసింది.

"నాదే మేడమ్" అన్నాడాయన. కరుణాకరం మోచెయ్యి పట్టుకుంటే విదిలించుకున్నాడు. "నేనే సంచిలో వేసుకుని తెచ్చినా. సామి కొండ మీద దొరికిందని నేనే పేరు పెట్టినా. ఆ సామి పేరు పెట్టుకున్నదాన్నే తెలియదన్నా గదా, నాకు పుట్టగతులుంటాయా? పటకా కూడా నేనే విప్పినా." లక్ష్మీనరసమ్మ వైపు తిరిగి, "భయపడినా చెల్లె" అన్నాడు.

"ఎవరికుండదన్నా భయం" అంది ఆమె.

ఆ తర్వాత పని చకచకా జరిగింది. ఆపరేషను, మందులు, చెయ్యి తిరిగి పనికొచ్చేదాకా ఇంటి ఖర్చు కాశీవిశ్వనాథం భరించాలి. కొండడికి టీకాలు వేయించాలి, పగలు ఊరి మీదికి విడిచిపెట్టకూడదు. చట్టంలో తప్పుకు వాటా కూడా ఉంటుందనీ, ఆమె వాటా కింద ఎంతో కొంత తగ్గించమని అడగొచ్చనీ కరుణాకరం మెల్లగా గుర్తుచేశాడు. అది ఆయన ధర్మం, తప్పు పట్టలేం.

"వాటా ఉండాల్సిందేనమ్మా" అని లక్ష్మీనరసమ్మ వెంటనే ఒప్పుకుంది. సింధు తల పట్టుకుంది. "నొప్పి నా వాటా. వైద్యం ఆయన వాటా. అట్ల రాయండి."

జడ్జి అట్లనే రాయించిందో, చట్టం భాషలో మార్చి రాయించిందో సింధుకు తెలియదు గానీ, కరుణాకరం మాత్రం ఇంకేమీ అనకుండా కాగితాలు సర్దుకున్నాడు. బయటికి వచ్చాక స్వర్ణలత వేపచెట్టు కింద ఆగి, "అక్కా, మీ అత్తను నేను గెలిపించలేదు. ఆ మాట మాత్రం ఎవురితో అనద్దు" అని నవ్వింది. కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి.

ఆపరేషను సకాలంలోనే జరిగింది. బొటనవేలు పూర్తిగా రాలేదు. ముప్పాతిక వచ్చిందనుకోవచ్చు. పొయ్యి మళ్ళీ వెలిగింది, అదే జాగాలో. రొట్టె తట్టే చప్పుడు మాత్రం మారింది. వాన పడినట్టు ఏకధారగా ఉండేది ఇప్పుడు మధ్యలో చిన్న తడబాటుతో వినపడుతుంది. ఆ దారిన రోజూ పోయేవాళ్ళు ఆ తడబాటు విని, పొయ్యి మళ్ళీ మొదలైందని తెలుసుకుని వచ్చారు. రొట్టెలు కూడా కాస్త వంకర తిరుగుతున్నాయి. చీలేవి ఎక్కువయ్యాయి. దానికి సంతోషించినవాడు ఊళ్ళో ఒక్కడే ఉన్నాడు.

పొద్దుగూకే వేళ కాశీవిశ్వనాథం కొండడిని గొలుసుతో తానే తీసుకుని వస్తాడు. మెడలో కొత్త ఎర్ర పటకా. రోడ్డు అవతల ఆగి, పిలిస్తే గానీ రాడు. పిలవడం సింధు పని. "పిలువమ్మాయ్, చల్లారిపోతాది" అని అత్త తొందరపెడుతుంది. "కొండా!" అని సింధు కేకేస్తే మనిషీ కుక్కా ఇద్దరూ రోడ్డు దాటుతారు.

ఒకరోజు రొట్టె తుంచి వేస్తుండగా, ఎన్నాళ్ళుగానో నోట్లో నానుతున్న ప్రశ్న సింధు అడిగేసింది.

"అత్తా, నిజం చెప్పు. ఆ రోజు కోర్టులో తల తిప్పినావే, శెట్టి పక్కనుండాడని తెలిసే తిప్పినావా? ఆయన పేరు చెప్పేస్తాడని నీకు ముందే తెలుసా?"

లక్ష్మీనరసమ్మ పిండిముద్ద మీద చెయ్యి ఆపి, నిజంగా ఆలోచించింది.

"ఎవురుండారో నేను చూడలేదమ్మాయ్" అంది. "పెళ్ళయినకాడి నుంచి ఎన్ని ఆఫీసుల్లో తల తిప్పినానో. మీ మామ పోయిన రోజు ఆసుపత్రిలో కాయితం రాసుకునేవాళ్ళు పేరడిగితే, ఏడుస్తా కూడా తలే తిప్పినా. నా పక్కన ఎవురో ముక్కూ ముఖం తెలియనామె. బయటికి పరిగెత్తి అడిగి వచ్చి చెప్పింది. పక్కనుండేది ఎవురైతేనేం? నేను తల తిప్పినాక పేరు అందకుండా పోయింది ఒక్కనాడూ లేదు."

అని మళ్ళీ రొట్టె తట్టడం మొదలుపెట్టింది.